వాయిదా పడే ఎన్నికలు – నష్టపోయే స్త్రీలు

2024 ఎండాకాలంలో నిర్మల్ జిల్లాలో ఒక ఊళ్ళో మహిళా సంఘం మీటింగుకు వెళ్ళాం. బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు అందరూ. పింఛన్లతో మొదలైన మాట నీళ్ళ మీదికి మళ్ళింది. బోరు మోటరు కాలిపోయి పదిరోజులయింది, నల్లాలు రావడం లేదు. ఆ మీటింగులోనే ఒక మూల కూర్చున్న ఒకామె జనవరి నెలాఖరు దాకా ఆ ఊరి సర్పంచి. అందరూ ఆమెనే నిలదీశారు. "నన్నెందుకడుగుతరక్కా? నేనిప్పుడు మాజీని. స్పెషలాఫీసరు సారును అడగుండ్రి. ఆయన ఎన్నడొస్తడో నాక్కూడా ఎరుకలేదు" అందామె.

ఆ మీటింగులోనే డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. టీవీలో రోజూ గాజా చూపిస్తున్నారు, పిల్లలు చచ్చిపోతున్నారు, తల్లులు ఏడుస్తున్నారు. "వాళ్ళ తరఫున మాట్లాడేటోళ్ళు ఎవరక్కా? వాళ్ళకు ఓట్లుండవా?" అని అడిగింది. అప్పుడు ఆ అమ్మాయికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. తర్వాత తీరిగ్గా చదువుకుని చూస్తే ఆ రెండు మాటలూ, సర్పంచమ్మ చెప్పిన జవాబూ ఆ అమ్మాయి వేసిన ప్రశ్నా, ఒకే సమస్యకు చెందినవని అర్థమయింది. ఎన్నికైనవాళ్ళ గడువు తీరిపోయినా ఎన్నికలు పెట్టకపోతే ఏమవుతుంది? ముందుగా నష్టపోయేది ఎవరు? ఈ వ్యాసంలో చర్చించదలుచుకున్నది ఇదే.

ఒక విషయం మొదట్లోనే స్పష్టం చేయాలి. పాలస్తీనా ప్రజలు పరాయి సైన్యం కింద బతుకుతున్నారు. మన పరిస్థితిని వాళ్ళ పరిస్థితితో సమానం చేయడం వాళ్ళకు అన్యాయం చేయడమే అవుతుంది. పోల్చదలుచుకున్నది బాధల్ని కాదు. ఎన్నికల్ని ఎట్లా వాయిదా వేస్తారు, ఏ కారణాలు చెప్తారు, ఆ కాలంలో స్త్రీల హక్కులు ఏమవుతాయి అన్నదాన్ని మాత్రమే.

1993 నుంచి 2006 దాకా

1993 రెండు చోట్లా ఒక మలుపు. ఆ ఏడాది ఏప్రిల్ 24న మన రాజ్యాంగానికి 73వ సవరణ అమలులోకి వచ్చింది. పంచాయితీల్లో మూడోవంతు సీట్లు స్త్రీలకు దక్కాయి. అదే ఏడాది సెప్టెంబరు 13న ఇజ్రాయెల్ ప్రభుత్వమూ పాలస్తీనా విమోచన సంస్థా ఓస్లో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ఫలితంగా పాలస్తీనా అథారిటీ ఏర్పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త చట్టం కింద 1995లో పంచాయితీ ఎన్నికలు జరిగితే, పాలస్తీనాలో 1996 జనవరి 20న మొదటి ఎన్నికలు జరిగాయి.

ఆ ఎన్నికల్లో యాసర్ అరాఫత్ మీద అధ్యక్ష పదవికి పోటీ చేసింది ఒక్కరే. ఆమె ఒక స్త్రీ, పేరు సమీహా ఖలీల్. అల్ బిరే పట్టణంలో 1965లో 'ఇనాష్ అల్ ఉస్రా' అనే సంస్థ పెట్టి వేలాది పేద స్త్రీలకు కుట్లు, అల్లికలు నేర్పించి, పని చూపించిన మనిషి. ఇజ్రాయెల్ సైనిక ప్రభుత్వం ఆమెను నిర్బంధించింది, ఊరు దాటి పోకుండా కట్టడి చేసింది. గెలవనని తెలిసీ నిలబడింది. సుమారు పదోవంతు ఓట్లు తెచ్చుకుంది. 88 మంది సభ్యుల శాసనమండలిలోకి ఐదుగురు స్త్రీలు మాత్రమే వచ్చారు. రిజర్వేషన్ లేకపోవడమే దీనికి ముఖ్యకారణమని అక్కడి మహిళా సంఘాలు గట్టిగా చెప్పాయి.

ఆ స్త్రీలు సంఘాలు కట్టడం ఓస్లోతో మొదలు కాలేదు. పాలస్తీనా మహిళల సార్వత్రిక సమాఖ్య 1965లోనే ఏర్పడింది. 1987లో మొదలైన మొదటి ఇంతిఫాదాలో బడులు మూసేస్తే ఇళ్ళల్లో చదువు చెప్పింది, కర్ఫ్యూ ఉన్నా ఇంటింటికీ తిండిగింజలు చేర్చింది మహిళా కమిటీలే. ఉద్యమంలో ముందున్న వాళ్ళు పదవుల దగ్గరికొచ్చేసరికి వెనక్కి పోవడం వాళ్ళకు తెలిసొచ్చింది. మన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలకు తర్వాత ఏమైందో తెలిసిన మనకు ఇది కొత్త సంగతేమీ కాదు.

వాళ్ళు ఊరుకోలేదు. పదేళ్ళు పోరాడి చట్టంలో కోటా సాధించారు. 2006 జనవరి 25న జరిగిన శాసనమండలి ఎన్నికల నాటికి సభ్యుల సంఖ్య 132 అయింది. సగం సీట్లు పార్టీల జాబితాల ద్వారా, సగం జిల్లాల వారీగా. జాబితాలో మొదటి మూడు పేర్లలో ఒక స్త్రీ, తర్వాతి నాలుగింటిలో ఒకరు, ఆ తర్వాత ప్రతి ఐదు పేర్లకూ ఒకరు ఉండాలన్నది నిబంధన. ఫలితంగా 17 మంది స్త్రీలు నెగ్గారు. అందరూ జాబితాల నుంచే వచ్చారు. కోటా లేని జిల్లా స్థానాల్లో ఒక్క స్త్రీ కూడా గెలవలేదు. రిజర్వేషన్ ఎందుకని అడిగేవాళ్ళకు ఇంతకంటే జవాబు అవసరం లేదు.

ఎన్నికలు ఎట్లా మాయమయ్యాయి

2006 ఎన్నికల్లో హమాస్ 74, ఫతా 45 స్థానాలు గెలిచాయి. అవినీతితో విసిగిపోయిన ప్రజలు అధికార పార్టీని ఓడించారు. ఆ తీర్పు ఎవరికీ నచ్చలేదు. అమెరికా, యూరప్ దేశాలు సహాయం ఆపేశాయి. ఇజ్రాయెల్ అదే సంవత్సరం డజన్ల కొద్దీ సభ్యులను జైల్లో పెట్టింది. సమావేశం జరపడానికి కావలసినంత మంది కూడా శాసనమండలిలో మిగల్లేదు. 2007 జూన్‌లో ఫతా, హమాస్ తుపాకులతోనే తలపడ్డాయి. గాజా హమాస్ చేతికి, వెస్ట్ బ్యాంకులో నగరాల పాలన ఫతా చేతికి పోయాయి.

అక్కడి నుంచి ఎన్నికలు లేవు. అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ 2005 జనవరిలో నాలుగేళ్ళ కాలానికి ఎన్నికయ్యాడు. ఆ గడువు 2009లో తీరింది, ఆయన మాత్రం దిగలేదు. 2018 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు పేరుతో శాసనమండలినే రద్దు చేశారు. గాజాలో హమాసూ ప్రజల ముందుకు వెళ్ళలేదు. 2006 జనవరి నాటికి 18 ఏళ్ళు నిండని ఏ పాలస్తీనా యువతీ 2025 చివరిదాకా తన దేశ శాసనమండలికి ఓటు వేసి ఎరుగదు.

2021లో ఒక అవకాశం వచ్చింది. మే 22న శాసనమండలికి, జులై 31న అధ్యక్ష పదవికి ఎన్నికలని ప్రకటించారు. స్త్రీల కోటాను 26 శాతానికి పెంచారు. అర్హులైన ఓటర్లలో 93 శాతం మంది పేర్లు నమోదు చేసుకున్నారు. 36 జాబితాలు, 1389 మంది అభ్యర్థులు. వారిలో 405 మంది స్త్రీలు. ఏప్రిల్ 29న అబ్బాస్ ఎన్నికలు వాయిదా వేశాడు. కొత్త తేదీ చెప్పలేదు. తూర్పు జెరూసలేంలో పోలింగుకు ఇజ్రాయెల్ ఒప్పుకోవడం లేదన్నది చెప్పిన కారణం.

ఆ కారణం అబద్ధం కాదు. తూర్పు జెరూసలేం పాలస్తీనియుల ఓటుహక్కు న్యాయమైనదే. అంతకుముందు జరిగిన మూడు ఎన్నికల్లోనూ వాళ్ళు అక్కడి పోస్టాఫీసుల్లో ఓట్లు వేశారు కూడా. అయితే ఇజ్రాయెల్ అనుమతి అవసరం లేకుండా లక్షన్నర మంది జెరూసలేం శివార్లలో ఓటు వేయవచ్చునని పాలస్తీనా ఎన్నికల సంఘమే చెప్పింది. మార్గం ఉంది, ఉద్దేశం లేదు. ఫతా మూడు ముక్కలై మూడు జాబితాలుగా పోటీకి దిగింది. ఓడిపోతామన్న భయం పట్టుకుంది. న్యాయమైన డిమాండు ఒకటి దొరికింది, దాన్ని అడ్డం పెట్టుకున్నారు.

405 మంది స్త్రీలు పేర్లు రాయించుకున్నారు. ఇంట్లో వాళ్ళను ఒప్పించి, ఊళ్ళో వాళ్ళ మాటలు పడి, బెదిరింపులు తట్టుకుని నామినేషన్ వేసి ఉంటారు. ఏ స్త్రీకైనా అదెంత కష్టమో మనకు తెలుసు. వాళ్ళను మళ్ళీ ఇళ్ళకు పంపడానికి ఒక్క ప్రకటన సరిపోయింది. కోటా 26 శాతమూ కాగితం మీద భద్రంగానే ఉంది.

శాసనసభ లేని చోట స్త్రీల చట్టాలు

శాసనమండలి లేకపోతే చట్టాలు ఆగవు. అధ్యక్షుడి ఫర్మానాల రూపంలో వస్తాయి. 2019లో ఆడపిల్లల పెళ్ళి వయసు 18కి పెంచుతూ వచ్చింది అట్లాంటిదే. మంచి నిర్ణయమే. కానీ అందులో మినహాయింపులు పెట్టారు, గాజాలో అది అమలు కాలేదు. ఎవరితో చర్చించి ఆ మినహాయింపులు పెట్టారని నిలదీయడానికి సభే లేదు. గృహహింస మీద తేవలసిన కుటుంబ రక్షణ చట్టం ఏళ్ళ తరబడి ముసాయిదాల మధ్యే నలుగుతోంది. అటు గాజాలో 2021 ఫిబ్రవరిలో షరియా న్యాయమండలి పెళ్ళికాని స్త్రీ ప్రయాణానికి మగ సంరక్షకుడి అనుమతి ముడిపెట్టింది. మహిళా సంఘాలు గొడవ చేస్తే కొంత సవరించారు. రెండు చోట్లా పాలకులు వేరు, జెండాలు వేరు. స్త్రీకి జవాబు చెప్పవలసిన అవసరం లేని అధికారం మాత్రం ఒకటే.

స్థానిక ఎన్నికలు మాత్రం వెస్ట్ బ్యాంకులో అప్పుడప్పుడూ జరుగుతూ వచ్చాయి. అందులోనూ వాయిదాలే. 2016లో ప్రకటించిన ఎన్నికల్ని కోర్టు నిలిపేసింది. 2017 మేలో గాజాను వదిలేసి వెస్ట్ బ్యాంకులో మాత్రమే జరిపారు. ఆ 2016 సందర్భంలో ఒక సంగతి బయటపడింది. కొన్ని జాబితాల్లో స్త్రీల పేర్లు రాయలేదు. 'ఫలానావారి భార్య', 'ఫలానావారి చెల్లెలు' అని వేశారు. ఓటు ఎవరికి వేస్తున్నామో ఓటరుకు తెలియదు. కోటా ఉంది కనుక ఆడమనిషి కావాలి, ఆమె పేరు మాత్రం బయటికి రాకూడదు. అక్కడి మహిళా సంఘాలు దీన్ని గట్టిగా ఎదిరించాయి.

ఇది చదివినప్పుడు మన ఊళ్ళ ఫ్లెక్సీలు గుర్తుకు రాలేదా? సర్పంచి పేరు చిన్నగా, పక్కన భర్త ఫోటో పెద్దగా. మీటింగులో కుర్చీ భర్తది, సంతకం భార్యది. బోరు బిల్లులో తేడా వస్తే మాత్రం నోటీసు ఆమె పేరు మీదే వస్తుంది. పితృస్వామ్యానికి సరిహద్దులు లేవని మనం ఊరికే అనడం లేదు.

మన దగ్గర జరిగింది

ఇప్పుడు మన సంగతికి వద్దాం. రాజ్యాంగంలో 243-ఈ అధికరణం ఏమంటోంది? పంచాయితీ గడువు మొదటి సమావేశం నుంచి ఐదేళ్ళు, అంతకుమించి ఒక్కరోజు కూడా లేదు. ఆ గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలి. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా, ఈ పదిహేనేళ్ళలో మన దగ్గర ఒక్కసారి కూడా గడువులోపల పంచాయితీ ఎన్నికలు జరగలేదు.

2011 ఆగస్టులో గడువు తీరితే 2013 జులైలో ఎన్నికలు జరిగాయి. 2018 ఆగస్టులో తీరితే 2019 జనవరిలో జరిగాయి. 2024 ఫిబ్రవరి మొదట్లో తీరితే 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో జరిగాయి. రాష్ట్రం మారింది, పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, పద్ధతి మారలేదు. మూడుసార్లూ కలిపితే నాలుగేళ్ళకు పైగా మన ఊళ్ళు స్పెషలాఫీసర్ల చేతుల్లో ఉన్నాయి. దాదాపు ఒక పూర్తి పదవీకాలం ఎగిరిపోయిందన్నమాట.

ఇంకో విషయం గమనించాలి. స్త్రీల రిజర్వేషన్‌ను మూడోవంతు నుంచి సగానికి పెంచింది 2011లోనే. మనమంతా సంబరపడ్డాం. సరిగ్గా ఆ ఏడాదే ఎన్నికలు ఆగిపోయాయి. సగం సీట్లు మనవేనన్న హక్కు చేతికి రావడానికి రెండేళ్ళు పట్టింది. 26 శాతం ప్రకటించి ఎన్నికలు వాయిదా వేసిన రమల్లా మనకు అంత దూరమేమీ కాదు.

2024-25లో చెప్పిన కారణం వెనుకబడిన కులాల రిజర్వేషన్. 42 శాతం ఇవ్వాలని కులగణన చేశారు, 2025 మార్చిలో శాసనసభ బిల్లులు ఆమోదించింది. సెప్టెంబరు 30 లోపల ఎన్నికలు పూర్తి చేయాలని హైకోర్టు జూన్‌లోనే ఆదేశించింది. సెప్టెంబరు 26న 42 శాతానికి జీవో ఇచ్చారు, అక్టోబరు 9న హైకోర్టు దాన్ని నిలిపేసింది. చివరికి పాత 50 శాతం పరిమితి లోపలే ఎన్నికలు జరిగాయి.

వెనుకబడిన కులాల వాటా న్యాయమైన డిమాండు. బీడీలు చుట్టే స్త్రీలలో, వ్యవసాయకూలీలలో ఎక్కువమంది ఆ కులాలవాళ్ళే. ఆ వాటా కోసం పోరాడవలసిందే. అయితే ఆ లెక్కలు తేల్చడానికి అంతకుముందు ఐదేళ్ళ సమయముంది. గడువు తీరాక మొదలుపెట్టి, కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి ఆ వాటా ఇవ్వకుండానే ఎన్నికలు పెట్టారు. మధ్యలో 22 నెలలు పోయాయి. బీసీ స్త్రీకి అదనపు సీటు రాలేదు, ఉన్న సీటు కూడా దాదాపు రెండేళ్ళు లేకుండా పోయింది. న్యాయమైన డిమాండును వాయిదాకు సాకుగా వాడుకోనిస్తే ఆ డిమాండుకూ, ఎన్నికకూ రెంటికీ నష్టమే. తూర్పు జెరూసలేం నేర్పుతున్న పాఠం కూడా ఇదే.

ఈ వాయిదా వల్ల మగవాళ్ళకు నష్టం లేదా అని అడగవచ్చు. ఉంది. కానీ మగవాడికి శాసనసభ ఉంది, పార్టీ ఆఫీసు ఉంది, కాంట్రాక్టు ఉంది, ఎమ్మెల్యే ఇంటికి అర్ధరాత్రి వెళ్ళి కూర్చునే చనువు ఉంది. 119 మంది ఉన్న తెలంగాణ శాసనసభకు 2023లో గెలిచిన స్త్రీలు పదిమంది. అదే పన్నెండు వేలకు పైగా ఉన్న పంచాయితీల్లో సగం మంది సర్పంచులు, లక్షకు పైగా ఉన్న వార్డుల్లో సగం మంది సభ్యులు స్త్రీలు. అంటే స్త్రీలకు అధికారం ఉన్న చోటు అదొక్కటే. 2024 ఫిబ్రవరిలో ఒక్కరోజులో యాభైవేలకు పైగా స్త్రీలు మాజీలైపోయారు. ఇంత పెద్ద సంఖ్యలో స్త్రీలు పదవులు కోల్పోతే అదొక వార్త కూడా కాలేదు.

వాళ్ళలో చాలామంది అప్పులతో దిగిపోయారు. ఊరికి మోరీలు, వైకుంఠధామం, పల్లె ప్రకృతి వనం, రైతువేదిక అని పనులు చేయించి, బిల్లులు రాక, పుస్తెలు కుదువ పెట్టిన సర్పంచమ్మలున్నారు. పెండింగు బిల్లుల కోసం మాజీ సర్పంచులు హైదరాబాదు దాకా వెళ్ళి ఆందోళన చేసిన సంగతి అందరికీ తెలిసిందే. ఎన్నికైన పాలకవర్గాలు లేనందున 15వ ఆర్థిక సంఘం నిధులూ ఆగిపోయాయి. నీళ్ళ బోరు బాగు చేయించడానికి పైసలు లేకపోతే బిందె మోసేది ఎవరో చెప్పనక్కర్లేదు.

దిలావర్‌పూర్ చెప్పిన పాఠం

ఎన్నికైన సంస్థ లేని కాలంలో ప్రజలు ఎట్లా మాట్లాడతారో చూడడానికి మన జిల్లాలోనే ఉదాహరణ ఉంది. నిర్మల్-భైంసా రోడ్డు మీద దిలావర్‌పూర్, గుండంపల్లి గ్రామాల మధ్య ఇథనాల్ ఫ్యాక్టరీ కడుతుంటే చుట్టుపక్కల ఊళ్ళు వ్యతిరేకించాయి. నీళ్ళు, పొలాలు, గాలి పాడవుతాయన్నది వాళ్ళ భయం. నెలల తరబడి దరఖాస్తులు, ధర్నాలు నడిచాయి. 2024 నవంబరు 26న జనం రోడ్డు మీదికి వచ్చారు. స్త్రీలు పెద్దసంఖ్యలో వచ్చారు. మాట్లాడడానికి వచ్చిన ఆర్డీవోను గంటల తరబడి కదలనివ్వలేదు. ఆమె కూడా స్త్రీయే, ఆ నిర్ణయం ఆమె చేతుల్లోది కాదు. మర్నాడు పనులు ఆపుతున్నట్టు జిల్లా యంత్రాంగం ప్రకటించింది.

ఆ జనం గెలుపు మనందరికీ గర్వకారణమే. అయితే అప్పటికి పది నెలలుగా ఆ ఊళ్ళలో పంచాయితీ పాలకవర్గాలు లేవు. అనుమతి ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అంటే ఒక పార్టీ ఇంకో పార్టీ మీద నెట్టింది. ఊరి తరఫున తీర్మానం చేసి, సంతకం పెట్టి, రేపు దానికి కట్టుబడి ఉండే మనిషి లేరు. రాస్తారోకో ఒక పనిని ఆపగలదు. కానీ ప్రతి పనికీ పొలం పనులు, బీడీలు మానుకుని, చంటిపిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీద కూర్చోవడం ఎంతకాలం సాధ్యం? ఉద్యమం చేసినా, తర్వాత ఆ మాట నిలబెట్టడానికి ఎన్నికైనవాళ్ళు కావాలి. ఎన్నికైనవాళ్ళున్నా, వాళ్ళను కదిలించడానికి ఉద్యమం కావాలి. ఒకటుంటే రెండోది అక్కర్లేదనే వాదనలు మన సంఘాల్లో కూడా వినిపిస్తున్నాయి. అది పొరపాటు.

మార్పు వస్తుందా?

పాలస్తీనా విషయంలో తేలికగా ఆశలు పెట్టుకునే పరిస్థితి లేదు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1200 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది సాధారణ పౌరులు. ఆ దాడిని మనం సమర్థించలేం. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఇజ్రాయెల్ గాజా మీద చేసిన యుద్ధంలో చనిపోయినవాళ్ళు 2025 చివరికి 70 వేలు దాటారని గాజా ఆరోగ్యశాఖ లెక్క. స్త్రీలూ పిల్లలూ వేల సంఖ్యలో ఉన్నారు. దాన్ని ఏ పేరుతోనూ మనం ఒప్పుకోలేం. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ జరిగింది. నవంబరు 17న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2803వ తీర్మానం చేసింది. దాని ప్రకారం గాజా వ్యవహారాలను ఒక అంతర్జాతీయ 'శాంతి మండలి' పర్యవేక్షిస్తుంది, రోజువారీ పాలన రాజకీయాలతో సంబంధం లేని నిపుణుల కమిటీ చేస్తుంది.

ఈ ఏర్పాటును మన భాషలో ఏమంటారు? స్పెషలాఫీసరు పాలన అంటారు. కూలిన ఇళ్ళు ఎవరు కట్టాలి, నీళ్ళ పైపు ముందు ఎక్కడ వేయాలి, భర్త చనిపోయిన స్త్రీకి ఇంటిస్థలం ఎవరి పేరు మీద ఇవ్వాలి అనేవి నిపుణులు తేల్చగలిగిన సాంకేతిక విషయాలు కావు. అవన్నీ రాజకీయ ప్రశ్నలు. ఓటు లేని స్త్రీ అక్కడ లబ్ధిదారు మాత్రమే. వరసలో నిలబడి తీసుకోవడమే ఆమె వంతు.

ఎన్నికలు పెడితే అన్నీ సర్దుకుంటాయని కాదు. వెస్ట్ బ్యాంకు భూమిలో సుమారు 60 శాతం నేరుగా ఇజ్రాయెల్ అదుపులోనే ఉంది. రోజురోజుకీ సెటిల్‌మెంట్లు పెరుగుతున్నాయి. ఎన్నికైన సభ్యులను జైల్లో పెట్టగలిగిన సైన్యం ఉన్నంతకాలం ఏ శాసనమండలికైనా పరిమితులుంటాయి. 2006లో గెలిచిన ఖాలిదా జరార్‌ను ఎన్నిసార్లు జైలుకు పంపారో చూస్తే ఇది తెలుస్తుంది. ఆక్రమణ పోనిదే నిజమైన స్వపరిపాలన లేదు. అయితే ఆక్రమణను కారణంగా చూపి సొంత ప్రజలకు జవాబు చెప్పకుండా రెండు దశాబ్దాలు గడిపిన ఫతా, హమాస్ నాయకత్వాలను కూడా ప్రశ్నించాలి. అక్కడి మహిళా సంఘాలు ఈ రెండు పనులూ కలిపే చేస్తూ వచ్చాయి. సైన్యానికి ఎదురు నిలబడుతూనే తమ నాయకుల్ని కోటా ఏదీ, తేదీ ఏదీ అని అడిగాయి. జెరూసలేంతో సహా, గాజాతో సహా, తేదీ ప్రకటించి ఎన్నికలు పెట్టాలన్న వాళ్ళ డిమాండు పక్కన మనం నిలబడాలి. 1988లోనే పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించిన దేశం మనది. ఆ గుర్తింపుకు అర్థం ఉండాలంటే అక్కడి స్త్రీల ఓటు గురించి కూడా మాట్లాడాలి.

మనకు ఉన్నవేమిటో కూడా ఇక్కడే గుర్తించాలి. మనకు రాజ్యాంగంలో గడువు ఉంది. రాష్ట్ర ఎన్నికల సంఘం ఉంది. తేదీ పెట్టమని ఆదేశించే కోర్టు ఉంది. ఆలస్యంగానైనా 2025 డిసెంబరులో ఓటు వేశాం. ఇవి ఎవరో దయతలిచి ఇచ్చినవి కాకపోయినా, పట్టించుకోకపోతే ఒక్కొక్కటే చేజారతాయి. అసెంబ్లీ, లోక్‌సభల్లో మూడోవంతు సీట్ల బిల్లు మొదటిసారి 1996లో వచ్చింది, 2023లో గాని చట్టం కాలేదు. 27 ఏళ్ళు. అప్పుడు కూడా జనగణనకూ, నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. 2024 లోక్‌సభ ఎన్నికలు అది లేకుండానే జరిగిపోయాయి. తేదీ లేకుండా హక్కు ఇవ్వడం పాలకులకు బాగా అలవాటైన పని.

మనం చేయవలసినవి

మన సంఘాల ముందు కొన్ని పనులున్నాయి. వీటిని చర్చకు పెడుతున్నాం.

మొదటిది, రిజర్వేషన్ల లెక్కలు, వార్డుల విభజన, ఓటర్ల జాబితా పాలకవర్గాల గడువు తీరడానికి ఏడాది ముందే పూర్తి కావాలని డిమాండు చేయాలి. గడువు తీరాక ధర్నా చేస్తే లాభం లేదు. బీసీ సంఘాలతో కలిసి ఈ డిమాండు పెట్టాలి. వాటా కావాలనీ, సమయానికి కావాలనీ ఇద్దరం కలిసి అడిగితే ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడం ఎవరికీ సాధ్యం కాదు.

రెండోది, ఏ కారణం చేతనైనా స్పెషలాఫీసరు పాలన వస్తే ఆ కాలంలో గ్రామసభలు తప్పకుండా జరగాలి. దిగిపోయిన సర్పంచులు, వార్డు మెంబర్లలోని స్త్రీలతో ఒక సలహా కమిటీ వేయాలని పట్టుబట్టాలి. ఫ్యాక్టరీలు, ఇసుక, మద్యం షాపుల వంటి విషయాల్లో పాలకవర్గం లేని కాలంలో కొత్త అనుమతులు ఇవ్వకూడదని అడగాలి.

మూడోది, దిగిపోయేనాటికి సర్పంచుల బిల్లులు చెల్లించి తీరాలి. అప్పులపాలైన ఒక సర్పంచమ్మను చూసిన ఊళ్ళో తర్వాతిసారి పేద స్త్రీ నామినేషన్ వేయడానికి సాహసించదు. అప్పుడు సీటు స్త్రీకే రిజర్వయి ఉన్నా, డబ్బున్న మగవాడి భార్యకే పోతుంది. సర్పంచి పదవి వేలంపాటకు వచ్చే ఊళ్ళలో జరిగేది కూడా ఇదే.

నాలుగోది మన ఇంటిపని. 2025 డిసెంబరులో గెలిచిన స్త్రీల దగ్గరికి మనం వెళ్ళాలి. చెక్కు మీద సంతకం పెట్టే ముందు బిల్లు చదవడం, తీర్మానాల పుస్తకం తన దగ్గర ఉంచుకోవడం, మీటింగులో తన కుర్చీలో తనే కూర్చోవడం, ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. భర్తలు అధికారం చెలాయిస్తున్నారని పట్నంలో సెమినార్లు పెట్టి విమర్శించడం తేలిక. ఆమె పక్కన నిలబడి పంచాయితీ ఆఫీసు మెట్లు ఎక్కడం కష్టం. ఆ కష్టమైన పనే మనది.

ఇటీవల ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాం. మోటరు గురించి జవాబు చెప్పలేకపోయిన ఆ మాజీ సర్పంచి ఈసారి పోటీ చేయలేదు. ఇంకో ఆమె గెలిచింది. సంఘం రిజిస్టరు మొదటి పేజీలో అప్పుల వాయిదాల తేదీల పైన ఒక తేదీ రాయించి వచ్చాం: 2030 డిసెంబరు. ఇప్పటి పంచాయితీల గడువు తీరేది అప్పుడు. గాజా గురించి అడిగిన ఆ అమ్మాయే రాసింది. అక్షరాలు పెద్దగా ఉండాలని ఆడవాళ్ళు దగ్గరుండి రెండుసార్లు దిద్దించారు. బ్యాంకు వాయిదా ఒక్కరోజు దాటితే ఇంటికొచ్చి అడుగుతారు. ప్రభుత్వం ఎన్నికల గడువు దాటితే ఇంటికెళ్ళి అడగవలసింది మనమే. ప్రతి సంఘం రిజిస్టరులోనూ ఆ తేదీ రాసుకుందాం. 2029 డిసెంబరు నుంచే అడగడం మొదలుపెడదాం.